నాగలి లంగరు, పార లంగరు

బళ్లారి జిల్లాకు సముద్రము లేదు. తుంగభద్రలో తిరిగే పుట్టిని ఒడ్డుకు లాగి బోర్లిస్తే చాలు, దానికి లంగరుతో పని లేదు. అయినా ఈసారి లంగరును గూర్చి వ్రాయడానికి కారణమున్నది.

2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి తుంగభద్ర డ్యాములో 19వ గేటు గొలుసు తెగి, గేటు నీటిలో కొట్టుకుపోయింది. సిరుగుప్ప వైపు క్యాంపులలో స్థిరపడిన మనవారి నోట ఆ దినములలో ఒకే మాట వినిపించింది: "డెబ్బై ఏండ్లు ఆగింది గదా, ఇప్పుడెందుకు తెగింది?" ఆ ఖాళీని తాత్కాలికముగా మూసిన తరువాత, 33 గేట్లూ మార్చవలసిందేనని నిపుణులు సిఫారసు చేశారు. ఇన్నేండ్లు ఆగిందనే మాట ఒక వస్తువుకు యోగ్యతాపత్రమా, లేక దాని వయస్సును గుర్తుచేసే హెచ్చరికా? సొంత పడవలలో భార్యాబిడ్డలతో దూర సముద్రములు తిరిగేవారు లంగరు విషయములో చాలాకాలముగా వాదించుకుంటున్నది ఈ ప్రశ్ననే.

మొదటి లంగరు రాయి. అది బరువుతోనే ఆగుతుంది. బడిలో ఆర్కిమెడీస్ సూత్రము చెప్పినవారికి దాని లోపము వెంటనే తెలుస్తుంది. గ్రానైటు రాయి నీటిలో మునిగితే మూడవ వంతుకు పైగా బరువు పోగొట్టుకుంటుంది, ఇనుము ఎనిమిదవ వంతు మాత్రమే. తరువాత రెండు కొక్కెములు, ఒక అడ్డకమ్మి ఉన్న ఇనుప లంగరు వచ్చింది. మన సమాధిరాళ్ల మీద చెక్కే బొమ్మ అదే.

1933లో కేంబ్రిడ్జి శాస్త్రవేత్త జి.ఐ. టేలర్, నీటి మీద దిగే విమానముల కొరకు, నాగలి ఆకారములో ఒక లంగరును రూపొందించాడు. డెల్టానుండి వచ్చినవారు నాగలి అంటారు, ఇక్కడివారు మడక అంటారు. నల్లరేగడిలో దానిని పట్టినవారికి ఈ సంగతి వింతగా తోచవచ్చు. మడక నేలను చీల్చుకుంటూ ముందుకు పోవాలి. లంగరు నేలలోకి దిగి అక్కడే నిలవాలి. లాగేకొద్దీ లోతుకు దిగేటట్లు టేలర్ దానిని అమర్చాడు. తక్కువ బరువుతో ఎక్కువ పట్టు ఇచ్చింది గనుక పడవలవారు తరతరములుగా దానినే నమ్మారు. కాని మెత్తని బురదలో గాలి మితిమీరితే, అది తన పేరుకు తగినట్టే మెల్లగా దున్నుకుంటూ పోతుంది.

కొత్తవి పార వంటివి. 1990లలో ఫ్రాన్సునుండి వచ్చిన స్పేడ్, 2000 తరువాత న్యూజిలాండువాడైన పీటర్ స్మిత్ రూపొందించిన రోక్నా ఈ జాతివి. వీటి ముఖము లోపలికి గుంటగా ఉంటుంది. నాగలి మట్టిని ఇరుప్రక్కలకు త్రోస్తుంది, ఇవి మట్టిని కూడబెట్టుకొని దాని మీద ఆనుకుంటాయి. ఎటు పడినా తిరిగి మొన నేలకు తగిలేటట్లు వాటిని తయారుచేశారు. గాలి మళ్లినప్పుడు ఊడినా త్వరగా తిరిగి పట్టుకుంటాయి. మట్టిని మడకతో ఎత్తలేము, పారతో ఎత్తగలము. తేడా అంతే.

పట్టులో కొత్తదే మేలు, ఇందులో మాకు సందేహము లేదు. అయినా వాదము అక్కడ ముగియదు. రాతి సందులలో, దట్టమైన నాచులో పాత కొక్కెముల లంగరే ఇప్పటికీ బాగా తగులుకుంటుంది. పైగా పేరున్న ఒక కొత్త లంగరు కాడకు, చెప్పినదానికంటే తక్కువ రకము ఉక్కు వాడారని 2011 ప్రాంతములో బయటపడింది. ఆకారమును ఆలోచించినవాడు ఒకడు, ఉక్కును కోసి అతికినవాడు మరొకడు.

మా తాత దీనితోనే తిరిగాడని పాతదానిని పట్టుకొని ఉండేవారిని మేము ఎగతాళి చేయము. కాని ఆ గౌరవమునకు వెలను పడవ అడుగు గదిలో నిద్రించే బిడ్డ చెల్లించవలసి వస్తే, అది తాతకూ గౌరవము కాదు. పరీక్షల పట్టిక చదివి, కొత్తది కొని, నిశ్చింతగా పడుకునేవాడూ అంతకంటే మెరుగు కాడు. ఇంతవరకు ఆగింది అంటే ఇంతవరకు వచ్చిన గాలికి ఆగిందని మాత్రమే అర్థము. పరీక్షలో నెగ్గింది అంటే ఆ రేవు ఇసుకలో నెగ్గిందని మాత్రమే. (హెబ్రీయులకు వ్రాసిన పత్రికలోని లంగరును గూర్చి ప్రసంగములు చాలా విన్నాము, ఇక్కడ మా మాట ఇనుప లంగరును గూర్చే.) అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయములోని ఓడవారు రాళ్లకు భయపడి నాలుగు లంగర్లు వేశారు, వేసి తెల్లవారడము కొరకు ఎదురుచూచారు. ఒకదానిని నమ్మి పడుకోలేదు.

అనుభవమున్న పడవవారు చేసేది కూడా ఇటువంటిదే. నీటి లోతుకు అయిదు నుండి ఏడు రెట్లు గొలుసు వదులుతారు, లాగుడు పైకి కాక నేల వెంబడి ఉండడానికి. తరువాత ఇంజనును వెనుకకు నడిపి గట్టిగా లాగి చూస్తారు. ఒడ్డున ఒకదాని వెనుక ఒకటిగా కనిపించే రెండు గుర్తులు, చెట్టో దీపమో, చూచుకుంటారు. అర్ధరాత్రి గాలి మళ్లితే ఒకరు లేచి ఆ రెండూ ఇంకా వరుసలోనే ఉన్నాయా అని చూస్తారు. లంగరు పాతదైనా కొత్తదైనా ఈ పని తప్పదు.

ఇంకొకటి. మన డ్యాములో ముందు తెగింది గేటు రేకు కాదు, దానిని పట్టుకున్న గొలుసు. ఎంతో వెచ్చించి కొత్త లంగరు కొని, దానిని పాత గొలుసుకే తగిలించేవారు పడవలవారిలోనూ ఉన్నారు. గొలుసు కడపటి లింకు, పడవకు బిగించిన చోట, పెట్టె అడుగున చీకటిలో తడిగా పడి ఉంటుంది. ఏడాదికొకసారి గొలుసంతా ఎండలోకి లాగి పరచి, ఆ చివర నుండి మొదలుపెట్టి ఒక్కొక్క లింకునూ చేతితో తడిమి చూడాలి.