తెలియనిది వ్యర్థమగునా?

లోకమున మనుజుడు తానెరుగని వస్తువు ఎదురైనపుడు మూడు విధములుగా ప్రవర్తించును. ఒకడు అది వ్యర్థమని పారవేయును. ఒకడు తోచిన పేరొకటి పెట్టి, తెలిసినదని తృప్తిపడును. వేరొకడు దానిని ఉన్నచోటనే యుంచి, "ఇది ఏమి చేయుచున్నది?" అని విచారించును. ఈ ముగ్గురిలో ఎవని మార్గము ధర్మసమ్మతము? ఈ ప్రశ్నను తర్కగ్రంథములలోనే గాక, ఒక పాత మోటారుకారు యంత్రమునందును పరిశీలింపవచ్చును.

ఇటలీ దేశమున టూరిన్ నగరమందలి ఫియట్ సంస్థ 1957వ సంవత్సరమున 'ఫియట్ 500' అను చిన్న కారును వెలువరించెను. దాంతె జాకోజా (1905–1996) అను ఇంజనీరు దాని రూపకర్త. పొడవు మూడు మీటర్లకు లోపు. యంత్రము బండి వెనుక భాగమున నుండును. దానికి రెండే సిలిండర్లు. తొలి నమూనాలో వాని పరిమాణము 479 ఘన సెంటీమీటర్లు. దానిని చల్లబరచునది నీరు గాదు, గాలి. 1975 వరకు తయారైన ఈ కార్లను అభిమానులు నేటికిని విప్పి, బాగుచేసి, నడుపుచున్నారు.

ఈ యంత్రమును క్రొత్తగా విప్పినవాడు నూనె వడపోత డబ్బాకై వెదకును. అనేకమైన ఇతర కార్లలో యంత్రము ప్రక్కన కనబడు ఆ డబ్బా ఇందు లేదు. "దీనికి వడపోతయే లేదు" అని అతడు నిశ్చయించును. ఆ సమయమున అతని కన్నుల యెదుటనే, క్రాంక్‌షాఫ్టు చివర, గుండ్రని కప్పీ యొకటి యుండును. అది బెల్టును త్రిప్పుటకే యని అతని తలపు. వాస్తవమునకు వడపోత ఆ కప్పీలోనే యున్నది. నూనె అందు ప్రవేశించి వేగముగా తిరుగునపుడు, బరువైన లోహపుపొడియు మలినమును వెలుపలి గోడకు చేరి అంటుకొనును. తేరిన నూనె బేరింగులకు పోవును. పేరుకొనిన మలినమును మూత విప్పి చేతితో తీసివేయవలయును. ఈ సంగతి ఎరుగనివాడు బండికంతయు రంగువేసి మెరుగుపెట్టినను, ఆ మలినము లోపలనే నిలిచియుండును.

కనబడకపోవుట లేకపోవుటకు ప్రమాణమగునా యని మన తార్కికులు చిరకాలము చర్చించిరి. ఉన్నచో తప్పక కనబడదగినది కనబడనపుడే "లేదు" అనుట చెల్లును. వెలుతురుగల గదిలో కుండ కనబడనిచో కుండ లేదనవచ్చును, చీకటిగదిలో అట్లనరాదు. కారు విప్పినవాని కన్నులకు వెలుతురు కలదు గాని, ఏది ఎట్లుండునో తెలియు వెలుతురు బుద్ధికి లేదు.

ఆ వెలుతురు ఎట్లు కలుగును? మొదట ప్రత్యక్షము: భాగముయొక్క ఆకారమును, దానిపై అచ్చైన సంఖ్యను చూడవలయును. పిదప అనుమానము: బెల్టు త్రిప్పుటకే యైనచో, ఈ కప్పీకి నూనె త్రోవ యేల? తుదకు ఆప్తవాక్యము: తయారుచేసినవారి విడిభాగముల పట్టికయు, చేయి తిరిగిన మేస్త్రీ మాటయు.

అట్లని తెలియని ప్రతిదియు అవసరమైనదే యనరాదు. ఏబది, అరువది యేండ్ల బండిలో ఎందరెందరో చేతులు పెట్టియుందురు, పనికిరానివి చేరియుండవచ్చును. విచారించి తొలగించుట దోషము గాదు. విచారింపక తొలగించుటయే దోషము.

మన గృహములయందును ఇట్టివారు కలరు. ఏ పనియు చేయనట్లు ఒక మూల కూర్చుండు పెద్దమ్మయే, అన్నదమ్ముల పరుషవాక్యములను ఒకరివి ఒకరికి చేరనీయక తనలోనే నిలుపుకొనుచుండవచ్చును. ఆమె యున్నన్నినాళ్లు ఇల్లు సాఫీగా సాగును. ఆమె పని యేమో ఎవ్వరికిని తెలియదు. మరియొక సంగతి గమనింపదగినది. వడపోతకును శుద్ధి కావలయును. పరుల కటుత్వమును మోయువారి హృదయమును అప్పుడప్పుడు అడిగి, విని, తేలికపరచువారు ఉండవలదా?

కావున ఆస్తికమహాశయులారా! మన యింట ఎవరినైనను "వీరివలన ప్రయోజనమేమి?" అని అనబోవు ముందు, వారి ప్రక్కన కొంతసేపు కూర్చుండి, "అమ్మా, నీవు ఏమి మోయుచున్నావు?" అని అడుగుదము గాక.