మందు లేని మరపు

మనుష్యునికి తన యింటిని మరపించునది ఎవరో కలిపి యిచ్చిన మందా, లేక తానే యిష్టపడి కూర్చున్న సుఖమా? మిక్కిలి పాతదైన ఒక గ్రీకు కథను ముందు పెట్టుకొని ఈ మాసము దీనినిగూర్చి ఆలోచింతము. మనలో అనేకులు ఆ కథ వినియుండరు గనుక మొదట దానిని చెప్పుకొందము.

హోమరు పేరున నిలిచిన ఒడిస్సీ కావ్యములో 24 భాగములున్నవి. ట్రాయి పట్టణముమీద పదియేండ్లు యుద్ధము చేసిన ఒడిస్సియస్ అను వీరునికి తన ద్వీపమైన ఇథాకాకు తిరిగి పోవుటకు మరి పదియేండ్లు పట్టెను. బయలుదేరినప్పుడు వానికి 12 ఓడలుండెను. నరమాంసము తిను ఒక జాతివారు 11 ఓడలను నాశనము చేయగా, మిగిలిన ఒక్క ఓడతో వారు అయాయా అను ద్వీపము చేరి, అలసటచేతను దుఃఖముచేతను రెండు పగళ్లు రెండు రాత్రులు ఒడ్డుననే పడియుండిరి. ఆ ద్వీపములో కిర్కే అను మాయావిని నివసించుచుండెను. ఆమె సూర్యదేవుని కుమార్తె యని గ్రీకుల నమ్మిక.

చీట్లు వేయగా యురిలోకస్ అనువాడు 22 మందితో ఆమె యింటికి పోవలసివచ్చెను. ఇంటి చుట్టును తోడేళ్లును సింహములును పెంపుడు కుక్కలవలె తోకలాడించుచుండెను. లోపల ఆమె మగ్గమునొద్ద పాడుచుండెను. యురిలోకస్ ఒక్కడు అనుమానపడి బయట నిలిచెను. తక్కినవారికి ఆమె జున్ను, యవలపిండి, తేనె, ద్రాక్షారసము కలిపి యిచ్చెను. అందులో మందుండెను. స్వదేశమును మరచిపోవుటకే ఆ మందు. త్రాగిన పిమ్మట బెత్తముతో కొట్టగా వారు పందులైరి. తలయు గొంతును వెండ్రుకలును పందివే గాని, మనస్సు మునుపటి మనుష్యుని మనస్సే. దొడ్డిలో పడి యేడ్చుచున్నవారికి ఆమె సింధూరపు కాయలు విసరెను. పందుల మధ్యనుండి తండ్రి యింటిని తలంచుకొనిన చిన్న కుమారుని ఎరిగిన మనకు ఈ యేడ్పు క్రొత్తది కాదు.

సంగతి తెలిసి ఒడిస్సియస్ ఒంటరిగా బయలుదేరెను. హెర్మేసు అను గ్రీకు దేవత దారిలో ఎదురై, నల్లని వేరును పాలవంటి పువ్వును గల మోలీ యను మొక్కను వానికిచ్చెను. అందుచేత మందు పారలేదు. వాడు కత్తి దూయగా ఆమె లొంగి, ఇక కీడు చేయనని ఒట్టు పెట్టుకొనెను. తనవారు తిరిగి మనుష్యులగువరకు వాడు భోజనము ముట్టలేదు. ఆమె వేరొక లేపనము పూయగా వారు మునుపటికంటె యౌవనముతో, సౌందర్యముతో లేచిరి. వారు వాని చేతులు పట్టుకొని యేడ్వగా ఆ మాయావినికిని జాలి పుట్టెను.

కథ చెప్పువారు తరచుగా ఇక్కడ ఆపుదురు. జెనోఫోను వ్రాసిన సోక్రటీసు జ్ఞాపకములలోను ఇట్లే యున్నది. మితిమీరిన విందులు పెట్టియే కిర్కే మనుష్యులను పందులుగా చేసియుండుననియు, ఒడిస్సియస్ హెర్మేసు బుద్ధి చెప్పుటవలనను తన నిగ్రహమువలనను తప్పించుకొనెననియు సోక్రటీసు నవ్వుచు చెప్పెనట. అంతటివానిని కాదనుటకు మనమెంతవారము? అయినను కథలో ముందుకు చూడుడి. ఆ నిగ్రహవంతుడే ఒక సంవత్సరము నిండువరకు, ప్రతి దినము మాంసము తినుచు ద్రాక్షారసము త్రాగుచు, ఆమెతోనే యుండెను. ఇథాకాలో భార్యయైన పెనెలోపే వాని రాకకు ఎదురుచూచుచుండెను. పసివానిగా విడిచివచ్చిన కుమారుడు తండ్రి ముఖమెరుగకయే పెరుగుచుండెను. ఈ సంవత్సరములో మందు ఏదియు లేదు. ఆమె తన ఒట్టు తప్పలేదు. మోలీ మొక్క మందును ఆపినది గాని, మెత్తని పడకను నిండు బల్లను ఆపలేకపోయినది.

ఈ కథలో మనకు భయము పుట్టించు చోటు ఇదియే. దొడ్డిలోని పంది తన గతి యెరిగి యేడ్చుచున్నది. బల్లయొద్ద కూర్చున్న వీరునికి ఏడ్పే లేదు. చాల కాలమునకు పిమ్మట ప్లూటార్కు వ్రాసిన ఒక సంభాషణములో గ్రిల్లస్ అను పంది, మృగముల బ్రతుకే మనుష్యుల బ్రతుకుకంటె మేలని ఒడిస్సియస్‌తో వాదించి, తిరిగి మనుష్యుడగుటకు ఒప్పుకొనదు. చమత్కారముగానే యున్నది. మనకైతే హోమరు చెప్పిన ఏడ్చు పందులే నిజమైనవిగా తోచుచున్నవి.

సంవత్సరాంతమున వానిని బయటికి పిలిచి స్వదేశమును జ్ఞాపకము చేసినది వాని తోటివారే. దొడ్డిలో పడి లేచినవారును వారిలో ఉండియుందురు.

ఆ రాత్రి వాడు భయపడుచు కిర్కేను సెలవడిగెను. ఇష్టములేక నా యింట ఉండనక్కరలేదని ఆమె వెంటనే చెప్పెను. అనగా ఆ తలుపు సంవత్సరమంతయు తీసియే యున్నది! ఆమె నిర్దోషియని మనము చెప్పము. అతిథికి మందు పెట్టుట ఏ దేశమందైనను దోషమే. 2018లో అమెరికా రచయిత్రి మేడలిన్ మిల్లర్ ఆమె పేరనే నవల వ్రాసి, ఆమె పక్షమున కథ చెప్పెను. అంత దూరము పోకపోయినను, ఆ సంవత్సరపు నేరమునుకూడ ఆమె మెడకే కట్టుట న్యాయము కాదు. పోవలసిన దారి, అనగా మృతుల లోకమునకు పోయి టైరీషియస్ అను ప్రవక్తను విచారింపవలెనన్న కఠినమైన మాట, చెప్పినది ఆమెయే.

ప్రయాణపు దినమున ఎల్పెనోర్ అను చిన్నవాడు, త్రాగి యింటికప్పుమీద నిద్రించినవాడు, సందడికి ఉలికిపడి లేచి, నిచ్చెన సంగతి మరచి, క్రిందపడి మెడ విరిగి చనిపోయెను. తొందరలో వానిని పాతిపెట్టక పోయిరి. మృతుల లోకములో అందరికంటె ముందుగా ఎదురువచ్చినది వాని ఆత్మయే. నన్ను మరువవద్దని అది బ్రతిమాలుకొనెను. గనుక వారు అయాయాకు మరల వచ్చి, వాని దేహమును దహించి, దిబ్బ వేసి, దానిమీద వాడు వేసిన తెడ్డునే నాటిరి.

అప్పుడు కిర్కే రొట్టెయు మాంసమును ద్రాక్షారసమును తెప్పించి వారియొద్దకు వచ్చెను. ఈసారి వారు ప్రొద్దు గ్రుంకువరకు భుజించిరి. రాత్రి ఆమె ఒడిస్సియస్‌ను చేయి పట్టుకొని వేరుగా తీసికొనిపోయి, సముద్రములో రాబోవు అపాయములను ఒక్కొక్కటిగా వివరించెను. తెల్లవారగానే వారు ఓడ యెక్కిరి. వెనుకనుండి మంచి గాలి పంపినదియు ఆమెయే.