అకామా ఉన్నన్నాళ్లు

రాయచోటి, రాజంపేట వైపు గానీ గోదావరి జిల్లాల్లో గానీ కువైట్ నుంచి ఫోన్ రాని ఊరు అరుదు. బాగోగులు అయ్యాక, డబ్బు సంగతి ఇంకా మొదలవకముందు, ఇవతలి నుంచి ఒక ప్రశ్న వెళ్తుంది. "అకామా కొట్టించినాడా సేటు?" కొట్టించాడంటే ఇంటిల్లిపాదికీ ఊపిరాడుతుంది. అప్పు తీరుతుంది, పిల్ల చదువు ఆగదు, స్లాబు పడుతుంది. అకామా అంటే అక్కడ ఉండడానికి సేటు, అంటే యజమాని, తీయించే అనుమతి. ఇంటి లెక్కలన్నీ దాని గడువు తేదీని పట్టుకునే నడుస్తాయి.

గల్ఫ్‌లో ఎన్నేళ్లున్నా మనవాళ్లు తాత్కాలికులే. ఇరవై ఏళ్లు బండి నడిపినా, వంట చేసినా పౌరసత్వం మాటే రాదు. అక్కడే పుట్టి అక్కడి ఇండియన్ స్కూల్లో చదివిన పిల్లలు కూడా తండ్రి అకామా నీడలో ఉన్నవాళ్లే. ఆ పిల్లల్ని దగ్గర పెట్టుకునే అదృష్టమూ కొందరిదే. 2024లో కువైట్ కుటుంబ వీసాకు నెలకు 800 దినార్ల జీతం ఉండాలంది. డ్రైవరుకో ఇంటిపని మనిషికో అది అందే మాట కాదు.

అందుకే బతుకును వాయిదా వేసుకోవడం అలవాటవుతుంది. కువైట్‌లోని ఫర్వానియాలోనో అబ్బాసియాలోనో మనవాళ్లుండే గదికి వెళ్తే మంచం కింద ఒక అట్టపెట్టె కనబడుతుంది. సెలవు ఇంకా ఏడాది ఉండగానే అది నిండడం మొదలవుతుంది. పాలపొడి డబ్బా, టాంగ్, సెంటు సీసా, పిల్లాడి బూట్లు, అమ్మకు మెత్తటి కంబళి. కొన్నవాడు మాత్రం ఆ మంచం మీద అంతకుముందు పడుకున్నవాడు వదిలిపోయిన రగ్గే కప్పుకుంటాడు. పెట్టె నిండా ఉన్నది ప్రేమే, తప్పు పట్టేందుకేమీ లేదు. నన్ను కలవరపెట్టేది వేరు. సామానుతో పాటు మనిషి కూడా అందులోకి వెళ్లిపోతున్నాడు. పాట, స్నేహం, సముద్రం ఒడ్డున ఒక సాయంత్రం, చివరికి పంటినొప్పికి డాక్టరు దగ్గరికి పోవడం కూడా "ఊరికి పోయినాక చూద్దాంలే" దగ్గరే ఆగిపోతాయి.

పాతికేళ్లప్పుడు వెళ్లి యాభైకి తిరిగొచ్చినవాణ్ని కదిలిస్తే, "ఉండడానికి పోలేదు కదన్నా" అంటాడు. ఉన్నాడు కదా మరి! గడువు ఉన్నది అక్కడ ఉండే అనుమతికి. తెల్లారుజామున లేచి పనికి పోయినవాడి రోజు మాత్రం నిండు రోజే. తరువాతకని దాచింది దక్కుతుందన్న నమ్మకమూ లేదు. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు లక్షన్నరకు పైగా భారతీయులు ఇల్లు చేరారు. ఎక్కువమంది జోర్డాన్ దాటి, అమ్మాన్‌లో విమానం ఎక్కారు. ఏళ్లుగా కూడబెట్టినదాన్ని ఎందరో అక్కడే వదిలేసి రావాల్సి వచ్చింది. యుద్ధం ముగిశాక వాళ్లలో చాలామంది మళ్లీ అక్కడికే వెళ్లారు. వాళ్లు వదిలిన సామానులో కొంతైనా మళ్లీ కొనుక్కుని ఉంటారు. తరువాత బతుకుదామని దాచిన ఏళ్లను ఏ కొట్లో కొంటారు?

అయితే ఇదంతా మనసు సర్దుకుంటే తీరిపోయే సంగతని చెప్పడం అన్యాయం. ఖాదిం వీసా మీద అరబ్బు ఇంట్లో పనిచేసే అక్క అకామా ఆ ఇంటి యజమాని పేరుతో ముడిపడి ఉంటుంది. జీతం ఆపారనో, కొట్టారనో ఆమె గడప దాటితే పారిపోయిందని కేసు పెడతారు. ఆ తరువాత పోలీసు బండి చూస్తే వణుకు, జ్వరమొస్తే ఆసుపత్రికి వెళ్లాలన్నా భయం. 2018లో, మళ్లీ 2024లో చేసినట్టు కువైట్ క్షమాభిక్ష ప్రకటించి జరిమానా లేకుండా వెళ్లిపోనిస్తే తప్ప, ఇలా చిక్కుకున్నవాళ్లలో చాలామందికి ఊరి దారి తెరుచుకోదు. ఖతర్ 2020లో యజమాని అనుమతి లేకుండానే పని మారే వీలు ఇచ్చింది, ఇళ్లలో పనిచేసేవాళ్లకు కూడా. ఆ వీలు గల్ఫ్ అంతటా రావాలి. మనిషి ఉండే అనుమతి మరో మనిషి గుప్పిట్లో ఉన్నంతకాలం, రోజును రోజుగా బతకమని ఆమెకు చెప్పే నోరు నాకు లేదు.

ఆ భయం లేనివాళ్ల సంగతే నేను చెప్పేది. వాళ్లలో బాగా బతికేవాళ్లను గుర్తుపట్టడం కష్టం కాదు. కంబళ్లు రెండు కొంటారు, ఒకటి పెట్టెలోకి, ఒకటి తమకు. పక్క మంచం కేరళ కుర్రాడి ఇంటి సంగతులు తెలిసి ఉంటాయి. నాలుగు అరబ్బీ మాటలు పని కోసమే కాక, పలకరింపు కోసం కూడా నేర్చుకుంటారు. తమ తేదీ తామే చూసుకుంటారు, కువైట్‌లో అయితే సహెల్ యాప్‌లో, సౌదీలో అయితే అబ్షర్‌లో. శుక్రవారం కువైట్ సిటీలోని మాలియాలో కలిసినప్పుడు చదువు రాని పెద్దమ్మకు ఫోన్‌లో ఆ తేదీ ఎక్కడ కనబడుతుందో వేలు పెట్టి చూపిస్తారు. ఒకసారి తెలిశాక ఆమె సేటును అడిగి రమ్మని ఎవరినీ బతిమాలదు. కూతురి పెళ్లి ఈ అకామాలోనే చేయాలా, వచ్చే అకామా దాకా ఆగాలా అన్న లెక్క తనే వేసుకుంటుంది.