అర్ధరాత్రి తలుపు తట్టినవారు



మా సంఘములోని ఒక రైతు నన్నడిగిన ప్రశ్న చాల దినములుగా నన్ను విడువకున్నది. వేరుశనగ విత్తి నెల దాటినను వాన లేని కాలమది. ఆదివారము ఆరాధనలో వానకొరకు అందరము మోకరించితిమి. ఆరాధన ముగిసిన తరువాత ఆయన మందిరము బయట చెప్పులు తొడుగుకొనుచు, “అయ్యగారూ, మనకేమి కావాలో దేవుడికి ముందే తెలుసునని పొద్దున మీరే చదివితిరి గదా. తెలిసినోనికి మళ్లా చెప్పేదేంటికి? చెప్పకుంటే ఇయ్యడా?” అనెను. ఆ ఉదయము మత్తయి సువార్త 6వ అధ్యాయములో 8వ వచనమును చదివినవాడను నేనే. ఆయన హేళనగా అడుగలేదు. విత్తనపు కాయలకు చేసిన అప్పు ఆయన మెడమీద నున్నది. సెమినరీలో నేర్చుకొనిన జవాబొకటి చెప్పి పంపితిని గాని, అది నాకే రుచించలేదు.

ప్రార్థన అనగా బేరమని మనలో చాలమంది తలంచుచున్నారు. మన మండలములోనే కాణిపాకము గలదు. అక్కడికి మ్రొక్కుబడులు చెల్లింపబోవువారు మన ఊళ్లమీదుగానే నడిచిపోవుదురు. వారిని చూచి మనవారు కొందరు పెదవి విరుచుదురు. పెదవి విరుచుటకు ముందు మన కానుకల కవర్లమీద వ్రాసియున్న మాటలను చదువుకొనుట మంచిది. బోరులో నీళ్లు పడితే ఇంత, కుమారునికి ఉద్యోగము దొరికితే ఇంత! న్యాయాధిపతుల గ్రంథము 11వ అధ్యాయములో యెఫ్తా ఇట్టి మ్రొక్కుబడినే చేసికొని, తన ఒక్కగానొక్క కుమార్తెను చూచి బట్టలు చింపుకొనెను. దేవుడు ఆ బేరమును అడిగినట్లు ఎక్కడను వ్రాయబడలేదు.

మన పిల్లలలో ఎందరో బెంగళూరులోను చెన్నైలోను పనులు చేసికొనుచున్నారు. నెల చివరను మాత్రమే ఫోను చేసి, “నాయనా, డబ్బు పంపు” అను కుమారుడు ఉండవచ్చును. డబ్బు అవసరమని తండ్రికి ముందే తెలుసును, పంపనుకూడ పంపును. ఐనను ఫోను పెట్టిన తరువాత ఆ తండ్రి అరుగుమీద కొంతసేపు ఊరకే కూర్చుండును. వాడు “తింటివా నాయనా, మోకాలి నొప్పి ఎట్లున్నది?” అని ఒక్కమాట అడిగియుండిన, ఆ రాత్రి ఆయనకు సంగటి సహించెడిది. తెలిసినవానికి మరల చెప్పుట ఎందుకన్న ప్రశ్నకు ఇది సగము జవాబు. చెప్పుట వలన తండ్రికి క్రొత్త సమాచారమేమియు అందదు. కుమారుడు కుమారుడుగా నిలుచును, అంతే.

మిగిలిన సగము కష్టమైనది. అడిగినది దొరకని ప్రార్థన సంగతి ఏమి? పౌలు తన శరీరములోని ముల్లును తీసివేయుమని ముమ్మారు వేడుకొనెను. అది తీసివేయబడలేదు (2 కొరింథీ 12). గెత్సేమనేలో ప్రభువుకూడ ఆ గిన్నె తొలగవలెనని అడిగెను. అది తొలగలేదు. కాబట్టి వాన పడనందున మా రైతు విశ్వాసము కొరవడెనని చెప్పుటకు నాకు నోరు రాదు. అట్లు చెప్పు బోధకులు ఉన్నారు. వారు పౌలుతో ఏమి చెప్పుదురో నాకు తెలియదు.

ఈ ప్రశ్నతోనే నేను లూకా సువార్త 11వ అధ్యాయమును మరల తెరచితిని. అర్ధరాత్రి స్నేహితుని తలుపు తట్టి మూడు రొట్టెలు అడిగినవాని ఉపమానము మీకు తెలిసినదే. పట్టు విడువక అడుగవలెనని దానినుండి నేనును అనేక పర్యాయములు బోధించితిని. అది సరియే. ఐతే ఒక సంగతిని ఇన్ని సంవత్సరములు నేను గమనింపక పోయితిని. ఆ మనుష్యుడు రొట్టెలు తనకొరకు అడుగలేదు. దారినపోవు మరియొక స్నేహితుడు ఆ రాత్రి వాని యింటికి వచ్చెను, పెట్టుటకు ఇంట ఏమియు లేకపోయెను. అనగా వాడు పొరుగువాని తలుపు తట్టకముందే వాని తలుపును మరియొకడు తట్టియుండెను. ఆ మొదటి తలుపు తెరువకయుండిన వానికి ప్రార్థనే లేకుండెడిది.

మన ప్రాంతపువారికి ఇట్టి రాత్రి యొకటి దూరపు కథ కాదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడకముందు మన సీమ ఉత్తర ఆర్కాటు జిల్లాలో చేరియుండెను. మన సంఘములకు పునాది వేసిన ఆర్కాటు మిషను 1853లో స్కడ్డరు సోదరులచే ఆరంభమాయెను. ఆ కుటుంబములో 1870లో రాణిపేటలో పుట్టిన ఐడా స్కడ్డరు, అమెరికాలో చదువుకొని, జబ్బుపడిన తల్లికి సాయపడుటకు 1890లో తిండివనమునకు వచ్చెను. ఇక్కడ స్థిరపడు తలంపు ఆమెకు ఎంతమాత్రమును లేదు. ఒక రాత్రి ముగ్గురు మనుష్యులు ఒకరి తరువాత ఒకరు వచ్చి తలుపు తట్టిరి. ఒకరు బ్రాహ్మణుడు, ఒకరు ముసల్మాను, మరియొకరు వేరొక హిందూ కులస్థుడు. ముగ్గురి భార్యలును ప్రసవవేదనలో నుండిరి. ఆమె తండ్రి వైద్యుడే. ఐనను పురుషుడు స్త్రీని చూడరాదని ఆ ముగ్గురును ఆయనను వద్దనిరి. నాకు వైద్యము రాదని ఆమె చెప్పవలసి వచ్చెను. ఆ రాత్రి ఆమె నిద్రపోలేదు, ప్రార్థనలోనే గడిపెను. తెల్లవారిన తరువాత చావు డప్పులు వినబడెను. ముగ్గురు స్త్రీలును చనిపోయిరి.

ఆమె ప్రార్థన వినబడినదా? ఆ మూడు ఇండ్లవారిని అడిగిన లేదనియే చెప్పుదురు. వారి దుఃఖమును చిన్నదిగా చేసి మాటలాడుట న్యాయము కాదు. ఆమె మాత్రము తలిదండ్రులయొద్దకు పోయి, వైద్యము చదువుటకు అమెరికా పోవుదునని చెప్పెను. 1899లో పట్టము పొంది, 1900 ఆరంభమున తిరిగివచ్చి, వేలూరులో ఒక్క మంచముతో పని మొదలుపెట్టెను. 1918లో స్త్రీలకు వైద్య పాఠశాల తెరచెను. 1960లో ఆమె ప్రభువునందు నిద్రించెను. నేడు చిత్తూరు దాటి వేలూరు ఆసుపత్రికి పోనివారి ఇల్లు మన ఊళ్లలో ఎన్ని యున్నవో చూడుడి.

ఒంగోలు సంగతికూడ ఇట్టిదే. 1854 జనవరి 1న తెల్లవారుజామున జ్యూయెట్ దంపతులు, నెల్లూరు జూలియా మొదలైన కొద్దిమంది అక్కడి కొండమీద ప్రార్థించిరి. 1876-78 కరవులో క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో కొంతభాగము త్రవ్వకమును కంట్రాక్టు తీసికొని ఆకలిగొన్నవారికి పని పెట్టించెను, గంజికొరకు మతము పుచ్చుకొన్నారన్న మాట రాకుండ కరవు దినములలో బాప్తిస్మము ఇయ్యక నిలిపెను. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. కొండమీది ప్రార్థనకు జవాబు మొదట గడ్డపారలతో వచ్చెనని నేను తలంతును.

ఇక నా తప్పు చెప్పుకొందును. ఒక శనివారము రాత్రి మందిరములో జాగరణ ప్రార్థన జరుగుచుండెను. పదకొండు దాటిన తరువాత ప్రక్క పల్లెనుండి ఒక యువకుడు పరుగెత్తి వచ్చెను. మన సంఘపువాడు కాడు. వాని తండ్రికి ఆయాసము ఎక్కువైనది, బండి కావలెను. నేను కన్నులు సగము తెరచి, ఉండుమని చేతితో సైగ చేసితిని. ప్రార్థన మధ్యలో నున్నది గదా! వాడు గుమ్మము దగ్గరనే నిలువబడెను. ఎంతసేపో నాకు తెలియదు, లెక్కపెట్టుటకు భయముగా నున్నది. అంతలో వెనుక వరుసలోని ఒక అవ్వ లేచి, ఆటో తోలు తన కుమారుని భుజము పట్టి కుదిపి, “లెయ్‌రా! దేవుడు యాడికీ పోడు, ఈడ్నే ఉంటాడు. బండి తీ!” అని గట్టిగా అనెను. నా నోటిలోని మాట ఆగిపోయెను. ఆ పెద్దాయన చిత్తూరు ఆసుపత్రిలో బ్రతికెను. అది నా ప్రార్థన ఫలమని చెప్పుకొను ధైర్యము నాకు లేదు.

ఐనను ప్రార్థన మాని ఆటో తోలుటయే చాలునని నేను చెప్పుట లేదు. ఆ అవ్వ రోజూ కోడికూతకు లేచి మోకరించునది. రాత్రంతయు నిద్రపోవు మనుష్యునికి గుమ్మము దగ్గరి అడుగుల చప్పుడు వినబడదు. ఆమెకు వినబడెను, నాకు వినబడలేదు. ఇద్దరము ఒకే మందిరములో కన్నులు మూసికొనియుంటిమి.

మా రైతు సంగతి చెప్పక విడువరాదు. వాన ఆలస్యముగా వచ్చెను, పంట సగమే చేతికందెను. ఐతే ఆ ఆదివారము వానకొరకు మోకరించినవారిలో బోరులో నీళ్లున్నవాడొకడు ఉండెను. వాడు ఎవరికిని చెప్పకుండ రెండు రాత్రులు పైపులు లాగి ఈయన చేనికి తడి పెట్టెను. సగము పంటైనను ఆ తడివలననే. తరువాత ఒకనాడు ఆ రైతు నాతో, “నా ప్రశ్నకు మీరు సరిగ్గా జవాబు చెప్పలేదు అయ్యగారూ” అని నవ్వెను. చెప్పలేదని నేనును ఒప్పుకొంటిని.

ఇప్పుడు జాగరణ ప్రార్థన దినములలో మందిరపు తలుపులు రెండును తెరచియే యుంచుచున్నాము. ఆటోను రోడ్డువైపు ముఖము పెట్టి నిలుపుచున్నాము. అవ్వ గుమ్మము ప్రక్కననే చాప వేసికొని కూర్చుండును. దోమలు ఎక్కువని చెప్పినను ఆమె లోపలికి రాదు.