ముందు బయటపడింది ఆమె రిపోర్టు

గర్భిణికి తొలి నెలల్లోనే హెచ్‌ఐవి పరీక్ష చేస్తారు. చేయాల్సిందే, బిడ్డకు సోకకుండా కాపాడే మందులున్నాయి. కానీ కొన్ని ఇళ్లలో ఆ పరీక్షే ఆమె మెడకు చుట్టుకుంటుంది. ముందు బయటపడింది ఆమె రిపోర్టు కాబట్టి, జబ్బు తెచ్చింది కూడా ఆమేనంటారు. మన దేశంలో ఎందరో భార్యలకు ఇది సోకింది భర్త నుంచే. అతన్ని పరీక్షకు వెళ్లమనడానికి మాత్రం ఇంట్లో ఎవరికీ నోరు రాదు.

ఈ తీరు పెళ్లితో మొదలైంది కాదు. పదహారేళ్ల పిల్ల లైంగిక విషయాల గురించి ఏదైనా అడిగితే “ఆడపిల్లవి, నీకెందుకే” అని కసురుతాం. అదే వయసు కుర్రాడికి ఎవరూ ఏమీ చెప్పరు. మగాడికి అన్నీ వాటంతటవే తెలుస్తాయనుకుంటాం. తెలియదంటే స్నేహితులు నవ్వుతారని వాడు ఫోన్‌లో చూసిందే నిజమనుకుంటాడు. రేపు కండోమ్ మాట అమ్మాయి ఎత్తితే, ఆమె నడతనే శంకిస్తాడు. ఆ భయంతో ఆమె నోరు మూసుకుంటే, సిగ్గరి పిల్ల అని మనం మెచ్చుకుంటాం. నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఆ మెప్పే.

ప్రభుత్వాసుపత్రుల్లోని ఐసీటీసీ (హెచ్‌ఐవి సలహా, పరీక్ష) కేంద్రాల్లో పరీక్ష ఉచితం. వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 నాటి హెచ్‌ఐవి, ఎయిడ్స్ చట్టం చెబుతోంది. సందేహాలకు 1097కు ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు. ఆ నంబరు ఇవాళే ఇంట్లో కూతురికీ, కొడుక్కీ ఇద్దరికీ చెప్పండి.