ఇద్దరి జీతాలు, ఒక ఇంటి లెక్క



పెళ్ళికి ముందు విచారణ గురువు వధూవరులను అడగవలసిన ప్రశ్నలు చాలానే ఉన్నాయి. మీ ఇష్టంతోనే చేసుకుంటున్నారా? ఎవరైనా బలవంతపెట్టారా? ఇంతకుముందు వివాహబంధం ఏదైనా ఉందా? దేవుడు ప్రసాదించే బిడ్డలను స్వీకరిస్తారా? ఇవన్నీ అడిగి, జవాబులు రాసుకొని, సంతకాలు పెట్టించుకొని, ఆదివారం పూజలో ప్రకటనలు చదువుతాం. అయితే పెళ్ళయిన నెలలోపే ఆ జంట ఒకరినొకరు అడగవలసి వచ్చే ప్రశ్న మాత్రం ఆ కాగితంలో లేదు. నీ జీతం చేతికి ఎంత వస్తుంది? అందులో ఇప్పటికే ఎవరెవరికి ఎంత ఇవ్వాలి?

ఇది డబ్బు సంగతి, దీనికీ నీతికీ సంబంధమేమిటి అని చాలామంది అనుకుంటారు. సంబంధం ఉందనే నా అభిప్రాయం.

మన బుచ్చయ్యపేట మండలం 2022 ఏప్రిల్‌లో విశాఖపట్నం జిల్లానుంచి కొత్త అనకాపల్లి జిల్లాలోకి మారింది గాని, మన పిల్లలు పోయే దారి మారలేదు. వరి, చెరకు పండించే ఇళ్ళలో పుట్టి, అచ్యుతాపురం సెజ్‌కో, పరవాడ ఫార్మాసిటీకో, గాజువాక చుట్టుపక్కల పనులకో పోతున్నారు. పెళ్ళి కాగానే అక్కడే రెండు గదుల వాటా ఒకటి అద్దెకు తీసుకుంటున్నారు.

వాళ్ళ తల్లిదండ్రులలో చాలామందికి ఈ అనుభవం లేదు. పెళ్ళయిన కొత్తలో వాళ్ళు ఎవరికీ అద్దె కట్టలేదు. అత్తవారింట్లోనే ఒక గది, గది లేకపోతే వసారా. బియ్యం ఇంటివి, పాడి ఇంటిది, చిల్లర ఖర్చుల పెత్తనం అత్తగారిది. పైగా రైతు ఇంటి లెక్క పంటకు ఒకసారి తేలుతుంది. చెరకు బిల్లు చేతికొచ్చినప్పుడో, బెల్లం అనకాపల్లి మార్కెట్టులో అమ్ముడైనప్పుడో పాత బాకీలు తీరతాయి. అంతవరకు కొట్లో ఖాతా నడుస్తుంది. అద్దె ఇంటి యజమాని పంట వచ్చేదాకా ఆగడు. ఒకటో తారీకు, లేదంటే ఐదో తారీకు. అందుకే వానాకాలం మొదట్లో ఎరువులకు డబ్బు కావాలని తండ్రి ఫోను చేసినప్పుడు ఇద్దరికీ మాట పడదు. "నీకు నెలనెలా జీతం వస్తోంది కదరా" అంటాడు తండ్రి. "నెలాఖరున ఎక్కడినుంచి తెమ్మంటావు నాన్నా" అంటాడు కొడుకు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఒకరు పంటలతో లెక్కపెడుతున్నారు, ఇంకొకరు తారీకులతో.

ఒక బడ్జెట్టు వేసి చూద్దాం. అంకెలు నేను ఉదాహరణకు పెట్టినవే, మీవి మీరు వేసుకొని చదువుకోండి. అబ్బాయి చేతికి వచ్చేది 15,000, అమ్మాయి చేతికి వచ్చేది 11,000. (చేతికి వచ్చేది అని ఎందుకంటున్నానంటే, పెళ్ళిచూపుల్లో చెప్పే జీతం వేరు, మూలవేతనంలో 12 శాతం పీ.ఎఫ్. కోత పోయాక బ్యాంకులో పడే జీతం వేరు.) మొత్తం 26,000. అద్దె 6,000. కరెంటు, నీళ్ళ మోటారు కలిపి 900. గ్యాసుకు 700. కిరాణా 5,500. పాలు 1,500. కూరగాయలు, చేపలు, ఆదివారం మాంసం 3,000. పెట్రోలు, బస్సు 2,500. ఫోన్లు 700. ఇంతవరకు 20,800. ఇంకా మూడు పద్దులున్నాయి. అబ్బాయి పెళ్ళికి ముందు కొన్న మోటారు సైకిలు వాయిదా 3,200. అమ్మాయి పెళ్ళికి ముందునుంచీ కడుతున్న చీటీ 2,000. అబ్బాయి తన తల్లిదండ్రులకు పంపేది 3,000. వెరసి 29,000. మూడు వేలు తక్కువ. మందులూ మాకులూ ఇంకా రాయలేదు. మూడు వారాల తేడాలో వచ్చే క్రిస్మసూ సంక్రాంతీ, ఆ రెండింటికీ కొత్త బట్టలూ అసలే రాయలేదు.

కూడికలు, తీసివేతలు ఇక్కడితో అయిపోయాయి. ఏ మూడు వేలు తగ్గించాలో గణితం చెప్పదు. అబ్బాయి చూపు చీటీ మీద పడుతుంది. అమ్మాయి చూపు అత్తమామలకు పంపే డబ్బు మీద పడుతుంది. మోటారు సైకిలు వాయిదా జోలికి ఇద్దరూ పోరు. ఎందుకంటే దాని వెనక ఫైనాన్సు కంపెనీ ఉంది, వాయిదా తప్పితే గుమ్మంలోకి మనుషులు వస్తారు. గమనించారా? గట్టిగా అడగగలిగినవాడి బాకీ ముందు తీరుతుంది. ఊళ్ళో ఉన్న ముసలితల్లి గుమ్మంలోకి వచ్చి అడగదు గనుక ఆమె పద్దు ముందు తెగుతుంది. ఇది డబ్బు సంగతేనా?

పునీత తోమాసు అక్వినాసు 13వ శతాబ్దంలో రాసిన 'సుమ్మా తియోలొజియే' అనే మహాగ్రంథంలో వివేకమనే సుగుణాన్ని చర్చిస్తూ ఒక ప్రశ్న వేసుకున్నారు. మనిషి తన మేలు తాను చూసుకొనే వివేకమూ, అందరి మేలు చూసే వివేకమూ ఒకటేనా? కావని ఆయన జవాబు. గమ్యం మారితే సుగుణపు జాతే మారుతుంది. తన బాగు కోసం చేసే ఆలోచన ఒక జాతి, ఇంటి బాగు కోసం చేసేది ఇంకొక జాతి, రాజ్యం బాగు కోసం చేసేది మరొకటి. ఇంటి వివేకానికి సంపద గమ్యం కాదు, పనిముట్టు మాత్రమే అని కూడా అదే చర్చలో ముందుకు పోయాక అంటారు. ఈ దారి వేసినవాడు అరిస్టాటిల్. 'రాజనీతి' మొదటి భాగంలోనే ఆయన ఇల్లు నడిపే విద్యనూ, డబ్బు పోగుచేసే విద్యనూ వేరుచేశాడు. మన పిల్లలు కాలేజీలో చదివే ఎకనామిక్సు అనే మాట, ఇంటి నిర్వహణ అనే అర్థమున్న గ్రీకు మాటనుంచే వచ్చింది.

ఈ భేదం పుస్తకాలలోనిదే అనుకోకండి. మోటారు సైకిలు కొన్ననాడు ఆ అబ్బాయి తెలివితక్కువవాడు కాడు. ఒంటరివాడు, గదిలో నలుగురితో కలిసి ఉంటున్నాడు, డ్యూటీకి పోవడానికి బండి కావాలి, వాయిదా కట్టగలడు. చీటీ కట్టిన అమ్మాయి మరీ జాగ్రత్తపరురాలు. ఇద్దరూ వివేకవంతులే. ఇద్దరి లెక్కలూ పక్కపక్కన పెడితే మూడు వేలు లోటు వచ్చింది. తన మేలు చూసుకోవడం బాగా తెలిసిన ఇద్దరు కలిసినంత మాత్రాన ఇంటి మేలు చూడటం వాళ్ళకు తెలిసిపోదు. దాన్ని మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాలి.

ఈ మధ్య కొందరు చదువుకున్న పిల్లలు దీనికొక తేలిక దారి చెబుతున్నారు. అద్దె సగం సగం, కిరాణా సగం సగం, మిగిలింది ఎవరిది వాళ్ళది. పైకి న్యాయంగానే ఉంది. కాని 15,000లో సగం అద్దె పోవడమూ, 11,000లో సగం అద్దె పోవడమూ ఒకటి కాదు. రేపు అమ్మాయి కడుపుతో ఉండి పని మానితే ఆ సగం ఎవరు కడతారు? ప్రసూతి ప్రయోజన చట్టం 2017 సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఇచ్చింది. అంతకుముందు ఏడాది కాలంలో కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి. కాంట్రాక్టరు కింద పనిచేసే అమ్మాయిలు తమ పేరు ఎవరి రికార్డులో ఉందో ముందే అడిగి తెలుసుకోవాలి. నా సలహా అడిగితే, రెండు జీతాల ధైర్యంతో అద్దె ఒప్పుకోవద్దని చెబుతాను. ఒక్క జీతం మీద లాగగలిగిన ఇల్లే చూసుకోండి, గది ఒకటి తక్కువైనా సరే.

ఇక పోపుల డబ్బా సంగతి. ఆవాలు, జీలకర్ర కింద మడత పెట్టిన నోట్లు దాచని ఇల్లాలు మన తల్లుల తరంలో అరుదు. ఇప్పుడు డబ్బా పోయి ఫోనులో ఇంకో ఖాతా వచ్చిందేమో గాని పని అదే. భర్తకు తెలియకుండా భార్య డబ్బు దాచడం అబద్ధమా కాదా? తర్కం ప్రకారం చూస్తే, ఇద్దరిదీ అన్నదాన్ని ఒకరు మరుగుపరచడం సత్యానికి విరుద్ధమే. అయితే అంతటితో తీర్పు చెప్పేవాణ్ణి నేను తొందరపాటు మనిషి అంటాను. ఆ డబ్బు ఎక్కడికి పోతోందో అడగండి. చాలాసార్లు అది పోయేది ఆమె కన్నతల్లి బి.పి. మాత్రలకు. అబ్బాయి తల్లిదండ్రులకు పంపే 3,000 బాహాటంగా పద్దులో ఉంది. అమ్మాయి తల్లిదండ్రులకు పద్దే లేదు. పై లెక్క మళ్ళీ చదవండి, నేను కావాలనే రాయలేదు. చదివినప్పుడు ఆ లోటు మీలో ఎంతమందికి కనబడింది?

తల్లిదండ్రుల పోషణకు 2007లో మన దేశంలో చేసిన చట్టం, పిల్లలు అన్నప్పుడు కొడుకులను మాత్రమే అనలేదు, కూతుళ్ళనూ కలిపింది. తల్లిదండ్రులను గౌరవించమన్న ఆజ్ఞ కూడా కొడుకులకు మాత్రమే ఇచ్చింది కాదు. కూతురు తన జీతంలోంచి తల్లికి పంపడానికి దొంగచాటు దారి వెతుక్కోవలసి వస్తే, తప్పులో పెద్దపాలు ఆ దారి మూసినవాళ్ళది. ఆ పద్దును పుస్తకంలో రాయండి, ఐదువందలైనా సరే. అలాగే ఇద్దరికీ చెరి కొంత, లెక్క చెప్పనవసరం లేని చేతిఖర్చు ఉండాలి. టీ తాగినా, పూలు కొన్నా, అన్నకు రాఖీ కొన్నా సంజాయిషీ చెప్పుకోవలసిన ఇంట్లో ఎవరైనా దాచడం నేర్చుకుంటారు.

గుడికి ఇచ్చే పద్దు గురించి ఫాదర్‌గారు ఏమంటారో అని చూస్తున్నారేమో. మార్కు సువార్త ఏడవ అధ్యాయంలో ప్రభువు ఎవరిని మందలించారో చూడండి. తల్లిదండ్రులకు చెందవలసినదాన్ని దేవునికి అర్పించేశామని చెప్పి తప్పించుకొనేవాళ్ళను. కావున మూడు వేలు లోటున్న ఇల్లు, తల్లి మందులు ఆపి నా కానుకల పెట్టెలో వేయనక్కరలేదు.

దాచిన పొదుపు కంటే దాచిన అప్పు వెయ్యి రెట్లు ప్రమాదం. దాచిన పొదుపు బయటపడితే ఒక పూట గొడవ జరుగుతుంది, తర్వాత ఆ డబ్బు ఇంటికే పనికొస్తుంది. స్నేహితుడికి పెట్టిన జామీను సంతకం, ఫోనులో నాలుగు నిమిషాల్లో తీసుకున్న అప్పు, పెళ్ళి ఖర్చులకు అబ్బాయి పేరున తెచ్చిన వడ్డీ డబ్బు అలా కాదు. అప్పు చేసినవాడు ఒకడు, అన్నం తగ్గించుకొనేవాళ్ళు ఇద్దరు. ఇవి పెళ్ళికి ముందే చెప్పవలసినవి. లూకా సువార్తలో గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చొని ఖర్చు లెక్కవేసుకుంటాడు. మనవాళ్ళు ఇల్లు కట్టడానికి అలా కూర్చుంటారు గాని కాపురం పెట్టడానికి కూర్చోరు.

ఇంకొక మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఎంత నిజాయితీగా రాసినా కొన్ని ఇళ్ళ లెక్క తేలదు. వాళ్ళు దుబారా చేస్తున్నారని కాదు, వచ్చేదే చాలదు. 1891లో పదమూడవ లియో జగద్గురువులు 'రేరుమ్ నొవారుమ్' లేఖలో, మితంగా బ్రతికే కార్మికుణ్ణి నిలబెట్టలేని వేతనం న్యాయమైనది కాదని, కార్మికుడు అవసరం కొద్దీ దానికి ఒప్పుకున్నా సరే న్యాయం కాజాలదని బోధించారు. పన్నెండు గంటలు నిలబడి పనిచేసి వచ్చిన పిల్లకు పొదుపు మీద ప్రసంగం చేసేముందు పెద్దలు ఈ మాట గుర్తుంచుకుంటే బాగుండును.

చివరిగా, ఆ ఇంట్లో సామాను. మంచం, పరుపు, బీరువా, మిక్సీ, గ్యాసు పొయ్యి అన్నీ అమ్మాయి పుట్టింటి సారె. కొత్త కాపురం బడ్జెట్టులో ఈ పద్దులే ఉండవు, ఎందుకంటే వేరొకరి బడ్జెట్టు వాటిని మోసింది. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. సారె కట్నం కాదని మనకు మనమే చెప్పుకుంటాం. పెళ్ళి కానుకలకు జాబితా రాసి పెట్టుకోవాలని 1985 నిబంధనలు చెప్పినా మనవాళ్ళు భోజనాల దగ్గర చదివింపులు రాసినంత శ్రద్ధగా దాన్ని రాయరు. ఊళ్ళో ఒక తండ్రి రెండు పంటల చెరకు డబ్బుమీద ముందే అప్పు తెచ్చి ఆ బీరువా కొన్నాడు. కొన్నిచోట్ల ఇంటి అడ్వాన్సు కూడా ఆయనే ఇస్తాడు. సంవత్సరం దాటిన అద్దె ఒప్పందాలను రిజిస్టరు చేయించాలని 1908 చట్టం చెబుతుంది గనుక యజమానులు పదకొండు నెలలకే కాగితం రాస్తారు. పదకొండు నెలల తర్వాత ఇల్లు మారితే, రంగుల ఖర్చు పట్టుకొని మిగిలిన అడ్వాన్సు అల్లుడి చేతిలో పెడతారు. అది ఎవరి డబ్బో అప్పటికి ఎవరికీ గుర్తుండదు. కాబట్టి లెక్కల పుస్తకం మొదటి పేజీలో, అద్దె కంటే ముందు, అడ్వాన్సు ఎంతో, ఎవరు ఇచ్చారో, ఎప్పటికి తిరిగి ఇస్తారో రాసుకోండి. అది అమ్మాయితో రాయించకుండా అల్లుడే తన చేత్తో రాయాలి.