కూలి వేరు, బాప్తిస్మము వేరు



దేవుని సేవయా, ధనమా, ఏదో ఒకటి ఎన్నుకోవాలని ప్రసంగాలలో వింటూనే ఉన్నాము. అయితే నెల్లూరు జిల్లానుండి పిల్లలను చంకనేసుకుని బ్రదుకుతెరువుకై ఆరంబాక్కం చేరినవారిని పట్టుకొని ధనాపేక్ష గలవారని అనవచ్చునా? నేననను. అపొస్తలుడైన పౌలు కూడా డేరాలు కుట్టి పొట్ట పోసుకున్నవాడే.

మనకు తూర్పున పులికాట్ సరస్సు గుండా సాగే బకింగ్‌హాం కాలువను చూచినప్పుడెల్లా నాకు ఒంగోలు మిషనెరీ జాన్ క్లౌ దొరగారు జ్ఞాపకమునకు వస్తారు. 1876-78 ధాత కరువులో (తమిళులు తాదు వరుష పంజం అంటారు) ఆయన ఈ కాలువలోనే ఒంగోలు ప్రాంతమందలి సుమారు మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకున్నారు. యౌవనంలో అమెరికాలో భూముల సర్వే చేసిన మనిషి. ఆ విద్య తనకు సంపాదన కావలసినది, ఆకలిగొన్నవారికి కూలి అయినది. బోధకులే మేస్త్రీలై, ఒక్కొక్కరు వందమంది చొప్పున పని చేయించారు. మధ్యాహ్నపు విరామంలో వాక్యం చెప్పేవారు. ముందు కూలి, తరువాత బోధ. ఆకలి కడుపుకు ఉత్త ప్రసంగం పెట్టలేదు, గమనించండి.

వేలమంది బాప్తిస్మమిమ్మని అడిగారు. దొరగారు ఇవ్వలేదు. కూలి డబ్బు చేతికందుచున్నంతకాలం అడిగేది క్రీస్తునా, గంజినా అని తేల్చుటెట్లు? సుమారు పదిహేను నెలలు అలాగే ఆపారు. ఇది నన్ను ఇప్పటికీ కలవరపెట్టే సంగతి. ఆ కరువులో లక్షలమంది చనిపోయారు. అడిగి, పొందకుండానే కన్నుమూసినవారు వారిలో ఉండరా? ఆయన చేసినది కఠినమే. అయినా రొట్టెతో ఆత్మను కొన్నారనే మాట రానివ్వలేదు. సహాయపు డబ్బు ఆగిపోయిన తరువాత కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటిలో 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఇచ్చినవారు దొరగారు కాదు, ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా.

ఇప్పుడు మన సంగతి. ఆయన కూలిని బాప్తిస్మమునకు వెల కానివ్వలేదు. మనం కూలిని ఆదివారానికి వెల కానిస్తున్నామేమో! గుమ్మిడిపూండి కంపెనీలలో ఓవర్‌టైం చేసి పిల్ల ఫీజు కట్టేవానిని నేను తప్పు పట్టను. ఫీజు కట్టడం అయిపోయి, ఇంటిమీద మేడ లేచి, రెండవ ప్లాటుకు అడ్వాన్సు ఇచ్చిన తరువాత కూడా ఆదివారం డ్యూటీ తప్పదనే సహోదరుని అడుగుచున్నాను. మరియొకటి, ఇది సంఘానికే చెందినది. కానుక ఎక్కువ వేసినవారికి ముందు వరుసలో కుర్చీ, సండేస్కూలు నడిపే చెల్లెమ్మకు వెనుక చాప. సిరిని ప్రభువు యజమానితో పోల్చాడు. ఆ యజమాని మన గుడిలోనే కుర్చీ వేయించుకొనుచున్నాడు.

కాలువ పని ముగిసింది. వందేసిమందిని నడిపించనేర్చిన ఆ బోధకులకు మేస్త్రీ పని ఎక్కడైనా దొరికేదే. వారు తిరిగి పల్లెల దారి పట్టారు.